పాత డైరెక్టరీలల్ల మనోళ్ల పేర్లేవి?

డైరెక్టరీ అంటే ఫోన్ నంబర్ల బుక్కే అనుకునేటోన్ని నేను. అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద ఓ పాతది తిరగేసినంక తెలిసింది, అది ఊరి జాతకమని.

ఫోన్లు ఇంటింటికి రాకముందే కలకత్తాల థాకర్స్ డైరెక్టరీ, మద్రాసుల అసైలం ప్రెస్ ఆల్మనాక్ అచ్చయ్యేటియి. ఆఫీసర్లు, వకీళ్లు, కంపెనీలు, దుకాణాలు అన్నీ పేర్లతోని ఉంటయి. హైదరాబాద్‌కు 1927ల సయ్యద్ అలీ అస్గర్ బిల్గ్రామి రాసిన ‘లాండ్‌మార్క్స్ ఆఫ్ ది డెక్కన్’ ఉన్నది. మసీదులు, సమాధులు, వాటి మీది శాసనాలు అండ్ల దొరుకుతయి.

ఒక్క ఏడాది బుక్కు చూస్తే తెలిసేది తక్కువ. పదేండ్ల తేడాతోని రెండు పక్కపక్కన పెట్టుండ్రి. ఏ దుకాణం కొత్తగ వచ్చింది, ఏది మాయమైంది, ఎరుకైతది. ప్రకటనలు గూడ ఇడిశిపెట్టొద్దు.

కని ఆ దుకాణం గోడ కట్టిన కూలోళ్ల పేరు, వాకిలి ఊడ్చినామె పేరు యాడ ఉండది. పైసలు పెట్టి కొనేటోళ్ల కోసం అచ్చేసిన బుక్కులాయె! పేరు లేకపోవుడు గూడ చరిత్రనే.

మరి మన పల్లెలకు? జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులల్ల గ్రామ డైరెక్టరీ ఉంటది. బడి, దవాఖాన, తాగునీళ్లు, చెరువు కింద సాగు ఊరూరికి రాసి ఉంటయి. సెన్సస్ వెబ్‌సైట్ల పైస ఖర్చు లేదు. 1981ది, 2011ది తీసి మీ ఊరి వరుస చూడుండ్రి. చెరువు కింద సాగు తగ్గితే, ఎందుకు తగ్గిందని గ్రామసభల లేచి అడుగుండ్రి.

అండ్ల లేని పేర్లు మీ అవ్వకు యాదికుంటయి. ఆమె ఉన్నప్పుడే రాసుకోండ్రి.