హుగ్లీలో అతిథిగా విహారం
సరుకు బార్జీలు, ఫెర్రీలు, చేపల పడవల నడుమ పర్యాటక లాంచీకి దారి దొరకాలంటే ముందు దారి ఇవ్వడం నేర్చుకోవాలి

సాయంత్రపు వెలుగులో హౌరా వంతెన కనిపించగానే డెక్ మీద కెమెరాలు లేస్తాయి. సరిగ్గా అప్పుడే లాంచీ వేగం తగ్గిందా, పర్యాటకులు విసుక్కుంటారు. కారణం ఎదురుగానే ఉంటుంది: అంచుల దాకా మునిగి వస్తున్న సరుకు బార్జి. దానికి అడ్డంగా, ఆఫీసుల నుంచి ఇళ్లకు మళ్లే జనంతో కిక్కిరిసిన ఫెర్రీ. లాంచీ పొట్టిగా ఒక కూత వేస్తుంది. కుడికి తిరుగుతున్నానని దానర్థం. అయిదు పొట్టి కూతలు వినిపిస్తే మాత్రం, ఎదుటి పడవ ఉద్దేశం అంతుబట్టలేదని హెచ్చరిక.

ఇరుకు జలమార్గంలో లోతు వదిలి పక్కకు తప్పుకోలేని నౌకకు 20 మీటర్ల లోపు పడవలు అడ్డు రాకూడదన్నది అంతర్జాతీయ నియమం. నిండుగా సరుకున్న బార్జి బ్రేకు వేసిన బస్సులా ఆగదు. పక్కకు జరిగితే ఇసుక మేటల్లో కూరుకుపోతుంది. హుగ్లీలో మేటల బెడద అంతా ఇంతా కాదు. కోల్‌కతా రేవును పూడిక నుంచి కాపాడేందుకే 1975లో ఫరక్కా బ్యారేజీని ప్రారంభించారు.

నిజానికి పర్యాటకులు మురిసిపోయే దృశ్యాలన్నీ వ్యాపారం కట్టినవే. బండేల్‌లో పోర్చుగీసులు, చిన్సురాలో డచ్చివారు, చందన్‌నగర్‌లో ఫ్రెంచివారు, శ్రీరాంపూర్‌లో డేన్లు, అందరూ సరుకు కోసమే ఈ ఒడ్డున దిగారు. రిష్రాలో 1855లో మొదలైన జనపనార మిల్లు కూడా నదిని నమ్ముకునే వెలిసింది.

ఇప్పుడు రద్దీకి కొత్త ఊపు వచ్చింది. హల్దియా నుంచి ప్రయాగ్‌రాజ్ దాకా 1,620 కి.మీ. మార్గాన్ని 1986లోనే మొదటి జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2018లో కోల్‌కతా నుంచి కంటైనర్లు నదిమీదే వారణాసి చేరాయి. 2023 జనవరిలో విలాస నౌక గంగా విలాస్ వారణాసి నుంచి బంగ్లాదేశ్ మీదుగా డిబ్రూగఢ్‌కు 51 రోజుల యాత్రకు బయల్దేరింది. సరుకుకైనా షికారుకైనా లోతైన కాలువ ఒక్కటే.

ఈ లెక్కల్లో సులువుగా మరుగున పడేది పులస వల వేసుకున్న చిన్న పడవ. దానికి ఇంజను లేదు, కూత లేదు. వేగంగా పోయే నౌక రేపిన అల చాలు, పడవ తలకిందులవడానికి, వల తెగిపోవడానికి. అందుకే విహార నౌక ఇద్దరికీ తగ్గాలి. పెద్దదానికి, అది పక్కకు తిరగలేదు కనుక. చిన్నదానికి, అది అలను తట్టుకోలేదు కనుక.

ఈసారి లాంచీ నెమ్మదిస్తే విసుక్కోకండి. మీది షికారు, వాళ్లది బతుకుతెరువు.