కచ్చేరి యెంత దూరము?

జమ్మలమడుగు, పులివెందుల పట్టణముల నుండి కడపకు సుమారు 70 కిలోమీటర్లు. ప్రొద్దుటూరు నుండి 50కి పైగా. బస్సులు లేని కాలమున రైతు ఒక్క సంతకము కొరకు సద్దిమూట కట్టుకొని బయలుదేరవలసి యుండెను. పాలనా సంస్కరణ మనునది పెద్ద మాటగా వినబడును గాని, ఈ ప్రాంతముల రైతునకు దాని సారము రెండు ప్రశ్నలలో నున్నది. కచ్చేరి యెంత దూరము? అందు కూర్చున్న ఉద్యోగి యెవరికి జవాబుదారి? మొదటి ప్రశ్నకు రెండు శతాబ్దములలో చాలవరకు సమాధానము దొరకినది. రెండవది ఇంకను తేలలేదని మేము తలంచుచున్నాము.

1800లో నిజాము దత్తమండలములను కుంఫిణీవారికి వదలుకొనగా, ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఈ సీమను పాలించెను. పొలములను కొలిపించి, నడుమ జమీందారు లేకుండ రైతుతోనే శిస్తు కుదుర్చుకొను పద్ధతిని నెలకొల్పెను. సర్కారు రైతు ముంగిటికి వచ్చినట్లే తోచును గాని, వ్రాత మాత్రము కరణము చేతిలోనే నిలిచినది. ఊరి అడంగలు అతని పెట్టెలోనిది. ఏటేట జమాబందికి ఆ లెక్కలు తాలూకా కచ్చేరికి పోవును. వానిలో నేమున్నదో చదువురాని రైతునకు కరణము చెప్పినదే వేదము. న్యాయబుద్ధి గల కరణములు లేకపోలేదు. అయినను అడుగుటకు వేరొక చోటు లేకపోవుటయే అసలు చిక్కు. గ్రామోద్యోగములు తండ్రి నుండి కొడుకునకు సంక్రమించుట రాజ్యాంగ విరుద్ధమని 1960లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము కరణము, మునసబు పదవులనే రద్దు చేసినది.

ఎన్నికైనవారి పాలన వేరొక దారిన వచ్చినది. ప్రొద్దుటూరు వర్తక కేంద్రము గనుక 1915లోనే పురపాలక సంఘమును పొందెను. పులివెందుల 2005 వరకు వేచియుండవలసి వచ్చెను. పల్లెలకు ముఖ్యమైన సంవత్సరము 1959. బల్వంతరాయ్ మెహతా సంఘము సిఫారసులను అనుసరించి మన రాష్ట్రమున పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడినవి. ఆ అక్టోబరులో షాద్‌నగరమున నెహ్రూగారు ఈ వ్యవస్థను ప్రారంభించిరి. 1985లో తాలూకాల స్థానమున చిన్న మండలములు వచ్చినవి. లింగాల, సింహాద్రిపురము, పెద్దముడియము, రాజుపాళెము వంటి ఊళ్లు స్వయముగా మండల కేంద్రములైనవి. పేర్లు మారుటయే గాక కాలినడకయు తగ్గినది.

2019 అక్టోబరు 2న ఆరంభమైన గ్రామ, వార్డు సచివాలయములు ఈ దూరమును ఊరిలోనికే కుదించినవి. పల్లెలలో సుమారు 2,000 మంది జనాభాకు ఒక సచివాలయము. అందు పంచాయతీ కార్యదర్శి, రెవిన్యూ అధికారి, సర్వేయరు, వ్యవసాయ లేదా ఉద్యాన సహాయకుడు, నర్సు మున్నగువారు. ఒకప్పుడు పది కచ్చేరీలకు తిరుగవలసిన పని ఒక కప్పు క్రిందికి వచ్చుట సామాన్య విషయము కాదు.

ఇక రెండవ ప్రశ్న. ఆ సర్వేయరు కొలత తప్పు వేసినచో, ఉద్యాన సహాయకుడు చీనీతోట నష్టమును నమోదు చేయకున్నచో సర్పంచి యేమి చేయగలడు? వారిపై అధికారులు తమ తమ శాఖలలో, మండలమునను జిల్లాయందును ఉన్నారు. 73వ రాజ్యాంగ సవరణ 1993 నుండి అమలులో నున్నది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను అది పేర్కొన్నది. కాని ఎంత అప్పగింపవలెనో నిర్ణయించునది రాష్ట్రమే. పంచాయతీ అధికారములు కొన్నిటిని గ్రామ రెవిన్యూ అధికారికి బదలాయించు ఉత్తర్వు 2021లో రాగా, రాష్ట్రోన్నత న్యాయస్థానము దానిని నిలిపివేసినది. తగవు అంతవరకు పోయినదన్నచో, ఇంటి యజమాని యెవరో తేలలేదన్నమాట.

పులివెందుల నుండి ఇద్దరు ముఖ్యమంత్రులు వచ్చిరి గదా యని కొందరనవచ్చును. వైఎస్ రాజశేఖర రెడ్డి, జగన్‌మోహన రెడ్డి గార్లు ఆ నియోజకవర్గమునకు శాసనసభలో ప్రతినిధులు. పెద్దల అండతో కదలు దస్త్రమును చూచి పాలనను కొలువరాదు. అట్టి అండ లేని పెద్దముడియములో అర్జీ ఎన్నాళ్లకు కదలునో చూడవలెను.

దీనికి మంచి ఉదాహరణము పొరుగుననే కలదు. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకము అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైనది. మొదటి విడతలోనే కడప జిల్లాయు చేరినది. ఆ పథకమున సామాజిక తనిఖీ యను పద్ధతి వచ్చెను. శిక్షణ పొందిన గ్రామ యువకులు మస్టరు పట్టీలను చేతబట్టి ఇంటింటికి పోయి, “ఇన్ని దినములు పని చేసితిరా? ఇంత కూలి ముట్టినదా?” యని అడిగిరి. తేలిన విషయములను ఊరి సభలోను, పిదప మండల కేంద్రమున అధికారుల యెదుటను బిగ్గరగా చదివిరి. చచ్చినవారి పేర కూలి వ్రాసినచో అచ్చటనే బయటపడును. ఒకనాడు కరణము పెట్టెలో దాగిన లెక్క వంటిదే ఇప్పుడు రచ్చబండపై వినబడినది. ఈ పద్ధతిని ఒక్క కూలి పనులకే గాక సచివాలయపు పనులన్నిటికిని వర్తింపజేయుట యుక్తమని మా మనవి.

అంతవరకు శ్రోతల చేతిలో 2005 నాటి సమాచార హక్కు చట్టము ఉన్నది. పంచాయతీ ఖర్చుల పట్టీని కోరువారు గ్రామ స్థాయిలో రుసుము చెల్లింపనక్కరలేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబునకు గడువు 30 దినములు. అర్జీ నకలును, అందినట్లు రసీదును భద్రపరచుకొనవలెను. గడువు అర్జీ అందిన నాటి నుండి లెక్కకు వచ్చును.