మీకు తెలుసా? కొంగను తరిమితే ఫొటో దక్కుతుంది, దాని వేట పోతుంది

చౌడేపల్లె చుట్టుపక్కల వర్షాధార చెరువుల్లో నీళ్లు తగ్గేకొద్దీ కొంగలు ఫొటోలకు బాగా దొరుకుతాయి. చేపలు, కప్పలు కొద్దిపాటి మడుగుల్లోకి చేరడమే కారణం. అక్కడ నీటి అంచున ముడుచుకుని నిలబడే గుడ్డికొంగను చాలామంది మనిషి అలికిడి పట్టని పక్షి అనుకుంటారు. నిజానికి దాని మెడ మీది గోధుమరంగు చారలు, మట్టిరంగు వీపు బురదలోనూ ఎండుగడ్డిలోనూ కలిసిపోతాయి. కదలకపోవడమే దానికి రక్షణ, వేటకు అదును కూడా. మరీ దగ్గరికి వెళితే అప్పటిదాకా దాచుకున్న తెల్ల రెక్కలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. ఆ ఫొటో కోసమే కొందరు రాయి విసురుతారు.

ఎగిరినా మళ్లీ వచ్చి వాలుతుందిగా, నష్టమేముంది అనొచ్చు. వాలుతుంది, కానీ నోటిదాకా వచ్చిన చేప పోతుంది, ఎగరడానికి ఖర్చయిన శక్తి తిరిగి రాదు. వానాకాలంలో చెట్ల మీద గూళ్లు కట్టినప్పుడైతే మరీ ప్రమాదం: తల్లి లేస్తే గుడ్ల మీదికి కాకులు దిగుతాయి. అయినా ఎగిరే ఫొటోకు తరమడం దేనికి? సాయంత్రం అది చెట్టుకు ఎలాగూ వెళుతుంది. అప్పుడు మెడ గమనించండి: ఆరో మెడపూస ప్రత్యేక నిర్మాణం వల్ల అది మడతపడి భుజాల మధ్య ఒదుగుతుంది. ఎర్రకాళ్ల కొంగ అయితే మెడ చాచే ఎగురుతుంది.