దిద్దిన కాగితం ఎవరిది?

మన ఇళ్ళలో పరీక్షల ప్రసక్తి వస్తే మొదట పుట్టే ప్రశ్న ఒకటే: “ఎన్నొచ్చాయి?” అన్నం వడ్డిస్తూ తల్లి అడుగుతుంది, చెప్పులు విడుస్తూ తండ్రి అడుగుతాడు, ఊరి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మేనమామ అడుగుతాడు, పక్కింటి పిన్నిగారి సంగతి సరేసరి. కాని, “ఏదీ, ఆ కాగితం ఒకసారి ఇలా తీసుకురా, చూద్దాం” అనేవారు అరుదు. అన్నా, పిల్లవాడి జవాబు సిద్ధంగానే ఉంటుంది: “బళ్ళోనే పెట్టేసుకున్నారు.” ఆ మాట నిజం కావచ్చు. కాగితం పుస్తకాల సంచీ అడుగున నాలుగు మడతలు పడి ఉండనూవచ్చు.

మొత్తం మీద అంకె ఇంటికి వస్తున్నది, కాగితం రావడం లేదు. అంకె వస్తే చాలదా అంటారేమో! చాలదనే నా మనవి. ఇరవైకి పదకొండు అనే అంకెను చూసి ఏం తెలుసుకోగలం? పద్యం కంఠస్థం కాలేదా, భావం తెలిసీ రాయలేకపోయాడా, సంధి పేరు సరిగా చెప్పి పదాన్ని విడదీయడంలో తప్పాడా, లేక చివరి ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి గంట కొట్టేశారా? ఈ నాలుగింటికీ నాలుగు వేరు వేరు మందులున్నాయి. జ్వరం ఎంత ఉన్నదో చెప్పి, ఎందుకు వచ్చిందో చెప్పని వైద్యుని దగ్గరకు మనం రెండోసారి వెళ్ళం. బడి విషయంలో మాత్రం పదేళ్ళపాటు అంకెలతోనే సరిపెట్టుకుంటాం.

చట్టం ఏమంటున్నది?

ఈ కాగితం ఎవరిదన్న వివాదం దేశంలోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2008లో కేంద్ర సెకండరీ విద్యామండలి పరీక్ష రాసిన ఒక విద్యార్థి తన జవాబు పత్రం చూపించమని సమాచార హక్కు చట్టం కింద అడిగాడు. మండలి కాదన్నది. కలకత్తా హైకోర్టు చూపించమన్నది. మండలి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2011 ఆగస్టు 9వ తేదీన జస్టిస్ రవీంద్రన్, జస్టిస్ పట్నాయక్ గార్ల ధర్మాసనం విద్యార్థి పక్షానే తీర్పు చెప్పింది. రాసిన జవాబు పత్రమూ, దాని మీద దిద్దినవారు వేసిన మార్కులూ “సమాచారం” కిందికే వస్తాయనీ, మండలి వాటిని భద్రపరచినంత కాలం రాసినవాడు అడిగితే చూపవలసినదేననీ ఆ తీర్పు సారాంశం.

అయితే న్యాయమూర్తులు రెండు హద్దులు కూడా గీశారు. దిద్దినవారి పేరూ, సంతకమూ కనపడకుండా కప్పి మరీ చూపాలి. చూసినంత మాత్రాన మళ్ళీ దిద్దమనే హక్కు ఈ చట్టం కింద రాదు; అది ఆయా మండలి నియమాల ప్రకారం జరగవలసిందే. అనగా చూసే హక్కు వేరు, మార్పించే హక్కు వేరు. ఈ తేడాను మనవాళ్ళు బాగా గుర్తు పెట్టుకోవాలి.

ఇక చిన్న తరగతుల సంగతి. 2009లో చేసి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో పెట్టిన విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయుని విధులను పేర్కొంటూ, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, సాధించిన ప్రగతి గురించి వారికి తెలియజెప్పాలని 24వ సెక్షన్‌లో స్పష్టంగా రాసింది. అది దయాధర్మం కాదు, విధి. అదే చట్టం ప్రభుత్వ పాఠశాలలకూ, ప్రభుత్వ సహాయం పొందే పాఠశాలలకూ యాజమాన్య కమిటీలు ఉండాలని, వాటి సభ్యులలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో కావాలని, మొత్తంలో సగంమంది స్త్రీలు ఉండాలని కూడా అన్నది.

ఇక్కడొక చమత్కారం ఉన్నది. సమాచార హక్కు చట్టం ప్రభుత్వ సంస్థలకూ, ప్రభుత్వ ధనంతో నడిచే సంస్థలకూ వర్తిస్తుంది. కేవలం ఫీజుల మీద నడిచే ప్రైవేటు బడికి నేరుగా వర్తించదు. కనుక మన జంటనగరాలలో పైసా ఫీజు లేని సర్కారు బడిలో పిల్లను చేర్పించిన తల్లి పది రూపాయల దరఖాస్తుతో అడగగల కాగితాన్ని, లక్ష రూపాయలు కట్టిన తండ్రి బతిమాలుకుని చూడవలసి వస్తున్నది. డబ్బు పెట్టి కొనలేని వస్తువులు లోకంలో ఇంకా కొన్ని మిగిలాయన్నమాట!

2019 నేర్పిన పాఠం

కాగితం కనపడకపోతే ఏమవుతుందో మనం కళ్ళారా చూశాం. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. రెండు సంవత్సరాలకూ కలిపి తొమ్మిది లక్షల పైచిలుకు పిల్లలు రాస్తే, మూడు లక్షలకు పైగా తప్పారు. రాసినవారిని గైరుహాజరుగా చూపడం, వచ్చిన మార్కులు మెమోలో లేకపోవడం వంటి ఫిర్యాదులు గుట్టలుగా పడ్డాయి. అదివరకు తెలుగులో చక్కగా మార్కులు తెచ్చుకున్న ఒక అమ్మాయికి ఆ తెలుగులోనే సున్నా వచ్చింది. కాగితం బయటికి తీసి చూస్తే ఆమెకు వచ్చినవి 99. నేను పాఠం చెప్పేది ఆ సబ్జెక్టే గనుక ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. నాంపల్లిలోని బోర్డు కార్యాలయం ముందు తల్లిదండ్రులు ఎండలో బారులు తీరారు. ఆ కొద్ది రోజులలో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఇళ్ళ దుఃఖానికి ఏ విచారణ నివేదికా ఊరట కాదు.

ప్రభుత్వం ముగ్గురు సభ్యుల సంఘాన్ని వేసింది. తప్పినవారందరి పత్రాలనూ రుసుము లేకుండా తిరిగి పరిశీలించమన్నది. మే నెలాఖరులో ఆ ఫలితాలు వచ్చినప్పుడు 1,137 మంది కొత్తగా ఉత్తీర్ణులయ్యారు.

ఈ అంకెను రెండు వైపుల నుంచి చూడాలి. వెయ్యిన్ని నూటముప్పై ఏడుగురు పిల్లలకు జరిగిన అన్యాయం చిన్నది కాదు. ఒక్కరికి జరిగినా చిన్నది కాదు. అదే సమయంలో, తప్పిన మూడు లక్షల పైచిలుకు పిల్లలలో అత్యధికుల ఫలితం మారలేదన్నదీ నిజమే. అయితే కాగితం తెరిచి చూసేదాకా ఆ రెండు తెగలలో తమ బిడ్డ ఎందులో ఉన్నదో ఏ తల్లికీ తెలియదు. దాచిన చోట అందరికీ అనుమానమే. చూపిన చోట కొందరికి న్యాయం, మిగిలినవారికి మనశ్శాంతి.

దిద్దేవారి కష్టం

నాణేనికి అవతలి వైపు కూడా చెప్పాలి. స్పాట్ వాల్యుయేషన్ శిబిరంలో కూర్చున్నవారికి ఆ పని ఎంత కఠినమో తెలుస్తుంది. ఏప్రిల్ ఎండలు, పైన తిరిగీ తిరగని ఫ్యాను, ముందు కట్టలు కట్టలుగా పత్రాలు. మామూలుగా ఒక్కొక్కరికి రోజుకు ముప్ఫై పత్రాలు. పేరూ, నంబరూ ఉండవు, సంకేతమే ఉంటుంది. ప్రతి జవాబుకూ మార్కు వేయాలి, వాటిని పైపుటలో గళ్ళలోకి ఎక్కించాలి, కూడాలి, తరువాత యంత్రం చదివే కాగితం మీద గుండ్రాలు నింపాలి. జవాబు చదవడంలో జరిగే పొరపాటు ఒక మార్కో, అర మార్కో. గుండ్రం నింపడంలో జరిగే పొరపాటు తొంభైతొమ్మిదిని సున్నా చేస్తుంది. అందుకే దిద్దినదాన్ని సరిచూసేందుకు మరొకరు, వారి పైన చీఫ్ ఎగ్జామినర్ ఉంటారు. ఇంత కాపలా ఉన్నా తప్పు జారవచ్చు. ఈ వరుసలో ఆఖరి కాపలాదారు ఎవరయ్యా అంటే, ఆ కాగితం రాసిన పిల్ల, ఆమెను కన్నవాళ్ళు. వాళ్ళను లోపలికి రానివ్వకుండా తలుపు వేయడం, కాపలావాణ్ణి వెళ్ళగొట్టి తాళం మీద భారం వేయడమే.

బడి ఉపాధ్యాయుల భయం ఇంకొకటి. “కాగితాలు ఇంటికి పంపితే, అర మార్కు కోసం తెల్లారేసరికి పదిమంది తయారవుతారండీ” అంటారు. అది అబద్ధం కాదు. ఐదు సెక్షన్లు, సెక్షనుకు నలభైమంది పిల్లలు ఉన్న పంతులమ్మకు ఒక్కొక్క పరీక్షకు రెండువందల పత్రాలు. వాటి మీద రెండువందల తగాదాలంటే ఎవరు ఓర్చగలరు? కాని ఆ తగాదాలకు మూలం కాగితం చూపడం కాదు, ఎప్పుడో ఏడాదికొకసారి చూపడం. వారం వారం చూసే కాగితం మీద ఎవరూ పోట్లాడరు. అపురూపమైన వస్తువు మీదే పేచీ వస్తుంది.

ఇస్త్రీ బండి దగ్గర

సికింద్రాబాదులో మా వీధి మొగలో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆయన ఉన్నాడు. కొడుకు దగ్గరలోని సర్కారు బడిలో ఎనిమిదో తరగతి. ఒక సాయంత్రం బట్టలు తీసుకుంటుంటే అన్నాడు:

“సార్, పోరనికి లెక్కలల్ల ఇరవైకి ఆరు వచ్చినయట. ఎందుకు ఆరే అంటే చెప్తలేడు. నాకా సదువు రాదు. కాయితం తెచ్చినా నేనేం జూస్త?”

“తెప్పించు, నేను చూస్తాను” అన్నాను.

కాగితం వచ్చింది. పిల్లవాడు లెక్కలన్నీ సరైన దారిలోనే మొదలుపెట్టాడు. భాగహారం దగ్గరకు వచ్చేసరికి ప్రతిచోటా ఒకే రకంగా తప్పాడు. అంటే పోయిన పద్నాలుగు మార్కులలో చాలా భాగానికి కారణం ఒక్కటే. ఆ సంగతి చెబితే తండ్రి ముఖం వికసించింది. “గంతేనా సార్! నేను వీనికి మొత్తమే రాదనుకున్న. కొట్టిన గూడ” అన్నాడు. ఆ చివరి మాట మెల్లగా అన్నాడు.

చదువు రాని తల్లిదండ్రులకు కాగితం ఎందుకని అడిగేవారికి నా జవాబు ఇదే. చూపించుకోవడానికి ఊళ్ళో ఎవరో ఒకరు దొరుకుతారు. లేని కాగితాన్ని ఎవరికి చూపిస్తారు?

ఇంకొక మాట. మన ఊళ్ళో మోండా మార్కెట్లో కూరలమ్మే తల్లిని ఉదయం పదకొండు గంటలకు సమావేశానికి రమ్మంటే ఎట్లా వస్తుంది? ఆ పూట బేరం ఎవరు చేస్తారు? ఆమె ఇంట తమిళమో, మరాఠీయో, ఉర్దూయో మాట్లాడుతుండవచ్చు. రాలేదని నిందించే ముందు సాయంత్రం పిలిచి చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, తిరిగి 2025 జూలై 10న రాష్ట్రమంతటా ఒకేరోజున బడులలో తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు జరిపారు. మంచి పనే. పండుగ ఏడాదికొకసారి రావాలి, పలకరింపు మాత్రం నెలనెలా ఉండాలి.

చూపడం వేరు, చాటడం వేరు

దాచవద్దన్నానని, అందరి మార్కులూ గోడకు అంటించమని కాదు. అమెరికాలో 1974లో చేసిన చట్టం ప్రకారం, తమ బిడ్డకు సంబంధించిన బడి రికార్డును చూస్తామని తల్లిదండ్రులు అడిగితే 45 రోజుల లోపల చూపాలి. అదే చట్టం, వారి అనుమతి లేకుండా ఆ వివరాలను ఇతరులకు చెప్పరాదని కూడా అంటున్నది. మన దగ్గర వ్యవహారం సరిగ్గా తలకిందులు. తండ్రికి కాగితం చూపరు. వీధికి మాత్రం ర్యాంకులు బొమ్మలతో సహా ఫ్లెక్సీ మీద చూపుతారు! వెనకబడిన పిల్లవాణ్ణి నలభైమంది ముందు నిలబెట్టి మార్కులు చదవడం బాహాటంగా ఉండడం కాదు, అవమానించడం. ఎవరి కాగితం వారిది, వారి ఇంటివారిది. మరొకరికి దానితో పని లేదు.

కనుక ఉపాధ్యాయ సోదరులకు ఒక విన్నపం. చిన్న పరీక్షలన్నీ విడి కాగితాల మీద కాక ఒకే నోటు పుస్తకంలో రాయించండి. వారంలోగా దిద్ది ఇంటికి పంపండి. మార్కు పక్కన “భాగహారం చూడండి”, “దస్తూరి బాగుపడింది” అని ఒక్క ముక్క రాయండి. ఆ ఒక్క ముక్కను ఇంట్లో పదిసార్లు చదివించుకుంటారు.

తల్లిదండ్రులకూ ఒక విన్నపం ఉన్నది. కాగితం చేతికి వచ్చాక మొదట చివరి అంకె కేసి కాక, లోపలి పుటల కేసి చూడండి. “పక్కింటి వాడికి ఎన్ని?” అనే ప్రశ్న ఆ రోజుకు మానండి. కూడికలో తేడా కనిపిస్తే పంతులమ్మ దగ్గరకు వెళ్ళి, “అమ్మా, ఇది ఒకసారి చూస్తారా?” అని అడగండి. మర్యాదగా అడిగినవారికి కాదనేవారు తక్కువ. కాదన్నప్పుడు చట్టం ఎలాగూ ఉన్నది.

అన్నిటికంటే ముఖ్యం, కాగితం చూపించినందుకు పిల్లవాడు ఇంట్లో దెబ్బలు తినకూడదు. బడి తలుపు తెరవమని గట్టిగా అడిగే హక్కు మనకు ఉన్నది. కాని పిల్లవాడి సంచీ తనంతట తాను తెరుచుకోవాలంటే దానికి చట్టం లేదు, మన ముఖంలో కోపం లేకపోవడమే దారి.