ఇద్దరు వైద్యులు, రెండు మాటలు

మన యింటి పెద్దకు ప్రోస్టేటు గ్రంథిలో క్యాన్సరున్నదని తేలినది. ఒక వైద్యుడు శస్త్రచికిత్స చేయవలెననును. మరొకరు, పరీక్షలు చేయించుచు కనిపెట్టి యుందమనును. ఎవరి మాట నమ్మవలెను?

ముందుగా భేదమెక్కడనో తెలిసికొందము: రోగనిర్ణయములోనా, చికిత్సలోనా? సూదితో తీసిన ముక్కను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, 1966లో అమెరికా వైద్యుడు గ్లీసన్ ప్రతిపాదించిన పద్ధతిలో అంకె వేయుదురు. 6 అయినచో వ్యాధి సాధారణముగా నెమ్మదిగా పెరుగును. 8 లేక అంతకు మించినచో ఉపేక్షింపరాదు. 6కును 7కును నడుమ నిపుణులును భేదపడుదురు. కావున ఆ స్లైడులనే మరొక పెథాలజిస్టుకు చూపింతము. మొదటి నివేదికను ఎవరికిని దాచవద్దు.

అంకె ఒక్కటే అయి సలహాలు వేరైనచో, రెండు మార్గములును సరియైనవే కావచ్చును. అప్పుడు రోగి వయస్సు, ఆరోగ్యము, ఇష్టము చూడవలెను. ఆ యిష్టమును మనము ఊహింపక, ఆయననే అడుగుదము.