చెవి దురదా? చుక్కల మందుకు ముందు కారణం వెతకండి

కట్టుబడి పనులకొచ్చిన తెలుగు కామాఠీల పేరుతో వెలసిన పేట మన కామాటిపుర. ఇక్కడి చాలుల నుంచి వచ్చే వారిలో ‘హకీమ్ సాబ్, చెవి ఒకటే దురద’ అనేవారు చాలామంది. ఆ మధ్య ఓ ఆపా వచ్చారు. రెండు చెవుల వెనుకా చర్మం ఎర్రబడి పొలుసులు లేచింది. పొడిబారిందనుకొని బాదం నూనె రాయమన్నాను. పదిహేను రోజులైనా తగ్గలేదు. అప్పుడడిగాను, తలకేం రాస్తున్నారని. ‘నెలకోసారి కాలీ మెహందీ’ అన్నారు. మొదటిరోజే అడగవలసిన ప్రశ్న అది. పొరపాటు నాదే.

యునానీలో చికిత్సకు తొలిమెట్టు ‘ఇజాలయె సబబ్’, అంటే కారణాన్ని తొలగించడం. అది జరగనిదే ఏ నూనె రాసినా వృథా.

తాకిన వస్తువు పడక వచ్చే ఈ దురదే కాంటాక్ట్ ఎలర్జీ. సాధారణంగా తాకిన ఒకటి నుంచి మూడు రోజులకు బయటపడుతుంది. ఏళ్లుగా వాడుతున్నదే ఒకనాడు పడకపోవచ్చు. అందుకే అనుమానం రాదు.

దురద ఉన్న చోటును బట్టి కారణాన్ని ఊహించవచ్చు.

తమ్మెకైతే గిల్టు కమ్మల్లోని నికెల్. ముంబయి ఉక్కపోతలో చెమటకు అది కరిగి చర్మానికి అంటుతుంది.

చెవి పైఅంచున, వెనుక అయితే జుట్టు రంగు లేదా కళ్లజోడు కాడ. అసలైన గోరింటాకు ఎర్రగా పండుతుంది. గంటలో నల్లబడితే అందులో పి.పి.డి. అనే రసాయనం ఉండవచ్చు. పెళ్లికూతురి చేతికి పెట్టే నల్ల కోన్‌తోనూ ఇదే ప్రమాదం.

చెవి లోపలైతే ఇయర్‌ఫోన్, వినికిడి యంత్రం లేదా నియోమైసిన్ కలిసిన చుక్కల మందు. దురదకని వేసిన మందే దురదను పెంచవచ్చు!

అనుమానమున్నవన్నీ రెండు మూడు వారాలు మానండి. అగ్గిపుల్ల, పిన్నీసు చెవిలో పెట్టకండి. రంగు పడనివారు మళ్లీ వేసి చూడవద్దు, ముఖమంతా వాచవచ్చు. తేలకపోతే చర్మ వైద్యుని వద్ద ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. వీపుపై పట్టీలు 48 గంటలు ఉంచి చూస్తారు. 1895లో జర్మన్ వైద్యుడు యాడసోన్ చూపిన పద్ధతి ఇది. నొప్పి, చీము, జ్వరం, వినికిడి తగ్గడం ఉంటే, ముఖ్యంగా మధుమేహులు, ఆలస్యం చేయక చెవి డాక్టరును కలవాలి.

ఆపా ఇంట్లో నెలలో కూతురి నికాహ్. రంగు మానమంటే బాధపడ్డారు. అయినా మానారు. మూడు వారాల్లో దురద పోయింది. నెరిసిన జుట్టుతోనే వచ్చి నాకు పెళ్లి పిలుపు ఇచ్చి వెళ్లారు.