అమ్మకీ నాన్నకీ అమెరికా వీసా

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళు మనలో తక్కువేమీ కావు. అమ్మాయికి నెలలు నిండుతున్నాయనో, అబ్బాయి కొత్త ఇంట్లో పాలు పొంగిస్తున్నాడనో కబురు వస్తుంది. "అమ్మా, నువ్వూ నాన్నా వచ్చి వెళ్ళండి. ఫారం నేను ఇక్కణ్ణించే నింపేస్తాను. నువ్వు వెళ్ళి నిలబడితే చాలు" అంటాడు కొడుకు. ఆ 'నిలబడితే చాలు' అన్న మాట గురించే ఈ వేళ నాలుగు మాటలు చెప్పాలని ఉంది. వీసా కోసం దరఖాస్తు చేసుకుంటున్నది అమ్మ. కిటికీ ముందు నిలబడి జవాబు చెప్పవలసింది అమ్మ. ఆ దరఖాస్తులో ఏం రాసి ఉందో అమ్మకే తెలియకపోతే ఎలా చెప్పండి?

ఈ పని సాధారణంగా ఇద్దరి మీద పడుతుంది. ఫారం నింపే భారం అక్కడున్న పిల్లలది. కాగితాలు వెతకడం, ఫొటో తీయించడం, ఇంటర్వ్యూకి వెంట తీసుకువెళ్ళడం ఇక్కడున్న కూతురిదో కోడలిదో. అంటే మనది. అందుకని మనకి ఇదంతా కాస్త వివరంగా తెలిసి ఉండాలి.

ముందు అసలు సంగతి. చుట్టపుచూపుగా వెళ్ళేవాళ్ళకి ఇచ్చేది బి-2 అనే సందర్శకుల వీసా. వ్యాపార పనులకి ఇచ్చే బి-1తో కలిపి సాధారణంగా బి-1/బి-2 అని వేస్తారు. అమెరికావారి 1952 నాటి వలస చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. వీసా అడిగిన మనిషి అక్కడే స్థిరపడిపోవడానికి వస్తున్నట్టే ముందుగా భావించమంటుంది ఆ సెక్షన్. కాదు, వచ్చి చూసి మళ్ళీ మా ఊరు వెళ్ళిపోతాను అని నమ్మకం కలిగించవలసిన బాధ్యత అడిగినవాళ్ళదే. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆ ప్రశ్నలు ఎందుకు అడుగుతారో అర్థమవుతుంది. "ఈ వయసులో నన్ను అనుమానిస్తారా?" అని మామగారు నొచ్చుకుంటే, అది ఆయనమీద అనుమానం కాదనీ, అందరికీ అదే కొలత అనీ మనం ముందే నచ్చచెప్పి ఉంచాలి.

ఇక దరఖాస్తు. దాని పేరు డిఎస్-160. అమెరికా విదేశాంగ శాఖవారి వెబ్‌సైటులోనే నింపాలి. భార్యాభర్తలు కలిసి వెళ్తున్నా ఎవరి ఫారం వారిదే, ఎవరి ఫీజు వారిదే. మొదట్లోనే ఒక నంబరు ఇస్తుంది. దాన్ని వెంటనే ఒక పుస్తకంలో రాసుకోండి. మధ్యలో లేచి పొయ్యి మీద పాలు చూసి వచ్చేసరికి పేజీ మూసుకుపోతే, ఆ నంబరు ఉంటేనే మళ్ళీ తెరుచుకుంటుంది.

మన తెలుగువాళ్ళకి మొదటి చిక్కు పేరుతోనే. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. పాస్‌పోర్టులో ఇంటిపేరుకి ఒక గడి, పేరుకి ఒక గడి ఉంటాయి. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా రెండో గడిలోనే ఉంటుంది. అలాంటప్పుడు ఆ పేరునంతా ఫారంలో ఇంటిపేరు ఉండవలసిన చోట రాసి, పేరు ఉండవలసిన చోట ఎఫ్.ఎన్.యు. అని మూడక్షరాలు వేయాలి. రేషన్ కార్డులో సుబ్బలక్ష్మి, బ్యాంకు పుస్తకంలో సుబ్బలక్ష్మమ్మ అని ఉన్నా సరే, ఫారంలో మాత్రం పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. పుట్టిన తేదీ కూడా అంతే. మన పెద్దవాళ్ళలో చాలామందికి బళ్ళో వేసిన తేదీ ఒకటి, అసలు పుట్టినరోజు ఒకటి. పుష్కరాల ఏడు పుట్టాననో, పెద్ద గాలివాన ఏడు పుట్టాననో చెప్పేవాళ్ళూ ఉన్నారు. పాస్‌పోర్టులో ఉన్న తేదీయే రాయాలి, అడిగితే అదే చెప్పాలి.

ఆడవాళ్ళ విషయంలో మరో సంగతి. ఇదివరకు వేరే పేరేమైనా ఉండేదా అని అడుగుతారు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన అమ్మలందరూ పుట్టింటి పేరు అక్కడ రాయాలి. అక్కడున్న కొడుక్కి అమ్మమ్మగారింటి పేరు సరిగ్గా గుర్తుంటుందో లేదో! అలాగే వృత్తి అన్నచోట ఏం రాయాలో తెలియక తడబడుతుంటారు. "మా అమ్మ ఏమీ చెయ్యదు" అని చెప్పే పిల్లలున్నారు గానీ, ఆ ఫారంలో గృహిణి అనే మాట వృత్తుల జాబితాలోనే ఉంది. నిక్షేపంగా అదే ఎంచుకోవచ్చు. నాన్నగారు పింఛను తీసుకుంటుంటే రిటైరైనవారు అన్న మాట ఉంది. ఆయన ఇదివరకు చేసిన ఉద్యోగం, ఆఫీసు వివరాలు దగ్గర పెట్టుకోండి.

పిల్లలు అక్కడ ఏ హోదాలో ఉన్నారో కూడా రాయాలి. "మావాడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు" అంటే సరిపోదు. ఆ దేశపు పౌరుడా, గ్రీన్ కార్డు ఉందా, హెచ్-1బి వంటి వీసా మీద ఉన్నాడా అన్నది స్పష్టంగా ఉండాలి. అమ్మకీ అది తెలియాలి. వాడి పూర్తి చిరునామా, ఫోన్ నంబరు, ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారన్నది కూడా. గత అయిదేళ్ళలో వాడిన ఫేస్‌బుక్ వంటి ఖాతాలు కూడా 2019 నుంచీ అడుగుతున్నారు. మనవరాలు ఎప్పుడో తెరిచి ఇచ్చిన ఖాతా ఉన్నా రాయవలసిందే.

చివర కొన్ని ప్రశ్నలు ఉంటాయి. మీరు ఉగ్రవాదులా, మాదకద్రవ్యాలు అమ్మారా అని. చదివితే పెద్దవాళ్ళకి నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. అలాగని అన్నిటికీ కళ్ళు మూసుకుని 'కాదు' అని కొట్టుకుంటూ పోకూడదు. ఇదివరకు వీసా నిరాకరించారా, మీ తరఫున ఎవరైనా గ్రీన్ కార్డు కోసం అర్జీ పెట్టారా అన్నవి కూడా ఆ ఫారంలోనే ఉంటాయి. పౌరసత్వం వచ్చిన కొడుకు తల్లి పేర అర్జీ పెట్టి ఉంటే, ఉన్నదని చెప్పాలి. ఆ రికార్డు వాళ్ళ దగ్గరే ఉంటుంది కదా! ముఖ్యమైన విషయంలో కావాలని అబద్ధం చెప్పినట్టు తేలితే జీవితాంతం వీసాకి అనర్హులను చేసే నిబంధన కూడా ఆ చట్టంలో ఉంది.

నాకు తెలిసిన ఒక పెద్దావిడ కూతురి పురిటికి వెళ్ళాలనుకుంది. ఫారం నింపిన ఏజెంటు "పురుడని చెప్పకండి, ఊళ్ళు చూడ్డానికని చెప్పండి" అని నూరిపోశాడు. ఫారంలోనూ అలాగే రాశాడు. కిటికీ దగ్గర అధికారి ఏ ఊళ్ళు చూస్తారని అడిగితే, కూతురున్న ఊరు తప్ప ఇంకో ఊరి పేరు ఆవిడ నోటికి రాలేదు. రెండు నిమిషాల్లో పాస్‌పోర్టు తిరిగి చేతిలో పెట్టారు. అక్కడ కూతురికి తల్లి దగ్గర లేకుండానే పురుడు అయిపోయింది. నిజం చెప్పి ఉంటే ఇచ్చేవారో మానేవారో నేను చెప్పలేను. కానీ చెప్పుకోవడానికి ఆవిడకంటూ ఒక మాట ఉండేది. అయినవాళ్ళని చూడ్డానికి వెళ్ళడం ఆ వీసాకి తగిన కారణమే. కూతురి దగ్గర కొన్నాళ్ళు ఉండి వస్తానని చెప్పడంలో దాచవలసింది ఏముంది? అక్కడ జీతానికి ఉద్యోగం మాత్రం చెయ్యకూడదు, అంతే.

ఫారం నింపడంలో మీకు ఎవరైనా సాయం చేశారా అని కూడా అడుగుతారు. అబ్బాయి చేస్తే అబ్బాయి పేరు రాయాలి. అందులో తప్పేమీ లేదు. కానీ ఆఖరున సంతకం కింద నొక్కే మీట మాత్రం దరఖాస్తుదారే నొక్కాలన్నది నిబంధన. అంటే, ఇందులో ఉన్నదంతా నేను చదివాను, ఇది నిజం అని అమ్మ చెప్పినట్టు. అందుకే ఆ మీట నొక్కేముందు ఒక మధ్యాహ్నం పని పక్కన పెట్టి, అమ్మ పక్కన కూర్చుని ప్రతి ప్రశ్ననూ తెలుగులో చదివి వినిపించండి. ఈ సాయం అక్కడున్న కొడుకు చెయ్యలేడు. ఇక్కడున్న మనమే చెయ్యాలి.

ఫీజు మనిషికి 185 డాలర్లు. 2023 జూన్ నుంచి ఇది అమలులో ఉంది. రూపాయల్లోనే కట్టాలి. వీసా వచ్చినా రాకపోయినా తిరిగి ఇవ్వరు. ఫీజులూ నిబంధనలూ మారుతూ ఉంటాయి కనుక, కట్టేముందు కాన్సులేట్ వారి సొంత ప్రకటన చూసుకోండి. ఫొటో రెండంగుళాల చదరం, వెనక తెల్లని తెర, ఆరు నెలల లోపు తీసినది కావాలి. 2016 నవంబరు నుంచి కళ్ళజోడుతో దిగిన ఫొటో పనికిరాదు. ఇక రెండు సార్లు వెళ్ళాలి. మొదటిది వేలిముద్రలకి, ఫొటోకి. రెండోది ఇంటర్వ్యూకి. పాత రోజుల్లో మనవాళ్ళు దీనికోసం రైలెక్కి మద్రాసు వెళ్ళి సత్రంలో దిగేవారు. హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలైంది. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది. 79 ఏళ్ళు దాటిన పెద్దలకి ఇదివరకు ఇంటర్వ్యూ నుంచి మినహాయింపు ఉండేది. 2025 సెప్టెంబరు 2 నుంచి దాన్ని తీసేశారు. కనుక తాతగారిని కూడా తీసుకువెళ్ళవలసిందే.

తేదీ దొరకడానికి నెలలు పట్టవచ్చు. 2022లో మొదటిసారి అడిగేవాళ్ళు ఏడాదికి పైగా ఆగవలసి వచ్చింది. అందుచేత అమ్మాయికి ఏడో నెల వచ్చాక మొదలుపెడితే లాభం లేదు. మనవాళ్ళకి ఈ వీసా సాధారణంగా పదేళ్ళకి ఇస్తారు. పెద్దవాళ్ళు ఓపికగా ఉన్నప్పుడే తీసి పెట్టుకోవడం మంచిది. వీసా చేతికి వచ్చేదాకా విమానం టిక్కెట్టు మాత్రం కొనకండి.

ఇంటర్వ్యూ రోజు గురించి చెబుతాను. లోపలికి వెళ్ళేది దరఖాస్తు చేసినవాళ్ళు మాత్రమే. మనం బయట ఉండవలసిందే. సెల్‌ఫోన్లు లోపలికి రానివ్వరు. కనుక అబ్బాయి నంబరు, చిరునామా ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. పాస్‌పోర్టు, పాత పాస్‌పోర్టులుంటే అవీ, డిఎస్-160 రసీదు పేజీ, అపాయింట్‌మెంట్ కాగితం తప్పనిసరి. పొలం పట్టాలు, బ్యాంకు పుస్తకాలు, పింఛను కాగితాలు ఒక సంచీలో ఉంటే ఉండనివ్వండి. అడిగితే చూపించవచ్చు. అబ్బాయి పంపిన ఆహ్వానపత్రం మీదే అందరూ ఆశ పెట్టుకుంటారు గానీ, అలాంటి ఉత్తరం అవసరం లేదనీ, దాన్నిబట్టి నిర్ణయించమనీ వాళ్ళే చెబుతున్నారు. చూసేది వెళ్తున్న మనిషిని. ఈవిడకి ఇక్కడ ఇల్లూ వాకిలీ, భర్తా, బాధ్యతలూ ఉన్నాయా, తిరిగి వస్తుందా అని.

మాటలు రెండు మూడు నిమిషాల్లో అయిపోతాయి. ఎందుకు వెళ్తున్నారు, ఎవరి దగ్గరికి, ఎన్నాళ్ళుంటారు, ఇక్కడ ఎవరెవరున్నారు, ఇలాంటివే. హైదరాబాదులో తెలుగులో మాట్లాడవచ్చు. ఇంగ్లీషు రాదని సిగ్గుపడనక్కర లేదు. జవాబులు బట్టీ పట్టించకండి. బట్టీ పట్టినవాళ్ళకి ప్రశ్న కాస్త అటూ ఇటూ మారితే నోట మాట రాదు. భార్యాభర్తలు కలిసి వెళ్ళినప్పుడు అన్నిటికీ నాన్నగారే అందుకోవడం, అమ్మ ఆయన మొహంకేసి చూడడం మనం ఎరిగినదే. అమ్మని అడిగినప్పుడు అమ్మనే చెప్పమనండి. అడిగినంతవరకు, నిజం, నింపాదిగా. అంతే చాలు.

రాకపోతే? 214(బి) కింద నిరాకరించామని ఒక కాగితం ఇస్తారు. దానిమీద అప్పీలు లేదు. అయితే మళ్ళీ ఎప్పుడైనా ఫీజు కట్టి దరఖాస్తు చేసుకోవచ్చు. మర్నాడే పరుగెత్తకుండా, ఫారంలో ఏది సరిగ్గా చెప్పలేదో చూసుకుని, పరిస్థితి ఏమైనా మారాక వెళ్ళడం నయం. ఇంటికి వచ్చిన అమ్మని "నువ్వు సరిగ్గా చెప్పి ఉండవు" అని మాత్రం అనకండి. ఆ మాట వీసా రాకపోవడం కంటే ఎక్కువ బాధపెడుతుంది.

వచ్చిందా, సంతోషం. పదేళ్ళ వీసా అంటే పదేళ్ళు ఉండమని కాదని గుర్తుంచుకోండి. అక్కడ విమానం దిగాక అధికారి ఎంతవరకు ఉండమంటే అంతవరకే. సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. ఆ గడువు ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. అబ్బాయిచేత చూపించుకుని, ఆ తేదీని కాలెండరులో గుర్తు పెట్టించండి. తప్పనిసరై ఇంకొన్నాళ్ళు ఉండవలసి వస్తే, ఆ తేదీ రాకముందే పొడిగింపుకి అర్జీ పెట్టాలి. చెప్పకుండా గడువు దాటితే ఆ వీసా చెల్లకుండా పోతుంది. మళ్ళీ మనవణ్ణి చూసే దారి మూసుకుపోతుంది.

మన అమ్మలు జీవితమంతా ఎవరో నింపిన కాగితాల మీద, చూపించినచోట సంతకం పెడుతూ వచ్చారు. ఈ ఒక్క కాగితాన్నయినా చదివి, తెలుసుకుని, తన మాటగా చెప్పనిద్దాం. సెలవు.